నెలగుబ్బికి దీర్ఘం లేదు

చింతామణి
11-1-1959

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

నేను ఇక్కడ బాగున్నాను. నాన్నకు, అమ్మకు నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించు. మన ఇంట్లో చదువు వచ్చినదానివి నువ్వొక్కదానివే. సిగ్గుపడి గొణిగితే నాన్న ఎడమ చెవికి వినపడదు.

టీచర్ ట్రైనింగులో మాకొక చిక్కు వచ్చింది. ప్రకృతి పాఠం చెప్పే మేష్ట్రు, మీ ఊరి జంతువునొకదాన్ని, మీ ఊరి పిట్టనొకదాన్ని తీసుకుని రెండింటినీ పోల్చి రాయండి అన్నారు. అందరూ ఆవును, కాకిని తీసుకున్నారు. నేను నోరు జారి మాది పాతపాళ్య, అంతా మెట్టచేలు అన్నాను. "అయితే నీకు మొల, నెలగుబ్బి" అన్నారు. మొల అంటే కన్నడంలో చెవులపిల్లి, పుస్తకాల్లో కుందేలు అంటారు. నెలగుబ్బి అంటే నేలపిట్ట. కన్నడంలో 'నెల' అంటే మన 'నేల' అని తెలుసుకో. నువ్వు నాలుగో తరగతితో ఆపేశావు కాబట్టి చెబుతున్నాను.

నేను చిన్నప్పటి నుంచి బాగేపల్లిలో హాస్టల్లో ఉండి చదివినవాణ్ణి. చెవులపిల్లిని కూరలో తప్ప చూడలేదు. నువ్వు మీ పుట్టింట చాకవేలులో మేకలు తోలినదానివి. ఆ రెండింటి సంగతులు నీకు తెలిసినంత రాయి. ఎక్కడ ఉంటాయి, ఏం తింటాయి, పిల్లల్ని ఎట్లా సాకుతాయి. అచ్చుతప్పులు ఉంటే ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. నాకూ అలవాటవుతుంది.

ఇంకొకటి. పరీక్ష కాగానే ఉద్యోగాలు ఇస్తారట. మలెనాడు వైపు, ఆ పడమటి వాన కొండల్లోకి, పోతామని అర్జీ రాసి ఇచ్చినవాళ్లకు త్వరగా వస్తుందట, ఇల్లు కూడా ఇస్తారట. రెండేళ్లు కదలడానికి వీల్లేదు. మార్చి పద్నాలుగు లోపల అర్జీ ఇవ్వాలి. ఇంకా ఏమీ అనుకోలేదు.

ఆశీస్సులతో,
మునికృష్ణప్ప


పాతపాళ్య
20-1-1959

మా వారికి, వారి పాదాలకు మొక్కి రాసుకునేది.

మేమందరం బాగున్నాం. మీ ఉత్తరం గట్టిగా చదివాను. 'కూరలో తప్ప' అన్న చోట మామయ్య నవ్వి, "వాడు తినేది తిని ఇప్పుడు దాని కుశలం అడుగుతాండాడు" అన్నారు.

చెవులపిల్లి గురించి. దానికి ఇల్లు లేదు. బొరియ కూడా తవ్వదు. గడ్డిలో తన ఒంటికి సరిపోయినంత గుంట చేసుకుని పగలంతా అందులో కదలకుండా కూర్చుంటుంది. కాలు దాని మీద పడబోయేదాకా లేవదు. లేచిందంటే మన గుండె ఆగిపోతుంది. పొద్దు వాలినాక ఉలవ చేలోకి, చెనక్కాయ చేలోకి మేతకు వస్తుంది. నోరు లేదు. ఉచ్చులో పడినప్పుడు మాత్రం ఒక్కసారి పసిబిడ్డ మాదిరి అరుస్తుంది. నేనొకసారి విన్నాను. ఆ రోజు అన్నం తినలేదు.

మీ నెలగుబ్బిని మా ఊళ్లో జుట్టుపిట్ట అంటాం. అది కూడా నేల మీదే ఉంటుంది, మట్టి రంగే. కానీ దానికి నోరు ఉంది. నిలువుగా ఆకాశంలోకి పాడుకుంటూ పోతుంది, కనపడనంత ఎత్తుకు పోయినా పాట వినపడుతుంది. పాట అయిపోగానే రాయి మాదిరి కిందికి వచ్చేస్తుంది. రెండూ ఒకే చేలో ఉంటాయి. ఒకటి చెప్పదు, ఒకటి చెప్పకుండా ఉండలేదు.

నాకు కూడా మీకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది రాయనని అత్తమ్మ దీపం ముందర నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకని రాయడం లేదు. అంటించే ముందర ఈ ఉత్తరం చదివి వినిపిస్తే అత్తమ్మ, "రాయలేదని రాసినావు గదా, దాంట్లో తప్పు లేదులే" అంది.

అత్తమ్మ ఇప్పుడు నన్ను బిందె ఎత్తనివ్వడం లేదు. నూర్పిళ్లకు కూడా రానివ్వలేదు. తన పక్కనే పడుకోమంటుంది.

కవరు మీద మీ పేరు నేను రాయకూడదు కాబట్టి పోస్టు వెంకటరామప్ప గారి చేత రాయిస్తున్నాం.

మీ
రామలక్ష్మి


చింతామణి
1-2-1959

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

నీ ఉత్తరం చూసి సంతోషం, దిగులు రెండూ కలిగాయి.

సంతోషం ఏమంటే, మేష్ట్రుకు నీ మాటలు చాలా నచ్చాయి. "ఒకటి చెప్పదు, ఒకటి చెప్పకుండా ఉండలేదు" అన్నది చదివి, ఇది నీ బుర్రలో పుట్టింది కాదే అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఉత్తరంలో మూడు తప్పులు దిద్దాను, విడిగా రాసి పెట్టాను చూడు.

దిగులు ఏమంటే, మన ఇంట్లో ఏం జరుగుతున్నది? అమ్మ నిన్ను బిందె ముట్టనివ్వడం లేదంటే ఏమనుకోవాలి? చేలోకి రావద్దన్నదా? కళ్ల ముందరే పడుకోమంటున్నదా? దీపం ముందర ఒట్టు వేయించేదాకా పోయిందంటే చిన్న మాట అయి ఉండదు. అమ్మా, ఇది చదివేటప్పుడు నువ్వు కూడా వింటావని తెలుసు. తను చిన్నది, ఏదైనా పొరపాటు చేసి ఉంటే మనసులో పెట్టుకోవద్దు.

రామలక్ష్మీ, ఆ మాట ఏమిటో నాకు అర్థమైంది. నువ్వు రాయకపోవడమే మంచిది. అందుకు ఏర్పాటు నేను చూస్తున్నాను.

పిల్లల్ని సాకడం గురించి నువ్వు ఏమీ రాయలేదు. అది ముఖ్యం, మార్కులు ఎక్కువ.

ఆశీస్సులతో,
మునికృష్ణప్ప


పాతపాళ్య
12-2-1959

మా వారికి మొక్కి రాసుకునేది.

మీకు అర్థమైందని చదివి నాకు ఎంత తేలికగా ఉందో రాయలేను. అత్తమ్మకు మాత్రం అనుమానం పట్టుకుంది. "నువ్వు రాయకుండా వానికెట్ల తెలిసిందే? పాతపాళ్యలో ఎవురు కూసినారు?" అని రెండు రోజులు అడిగింది. నాకు తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు. మీ దిగులు ఎందుకో మాత్రం మా ఇద్దరికీ తెలియలేదు. "నేనేమి మనసులో పెట్టుకున్యానే?" అని అడుగుతుంది. నేనేమని చెప్పను?

మీరు చూస్తున్న ఏర్పాటు ఏమిటని మామయ్య కూడా అడిగారు. ఉయ్యాల తొట్టిల అయి ఉంటుందని నేను అనుకున్నాను కానీ బయటికి అనలేదు.

ఇప్పుడు పిల్లల సంగతి. చెవులపిల్లి పిల్లలు పుట్టేటప్పుడే ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. తల్లి వాటిని ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క తుప్ప కింద ఉంచి పోతుంది. పగలంతా దగ్గరికి రాదు. చిన్నప్పుడు ఎవరికీ చెందనివేమో అనుకుని మా అమ్మ చెప్పినా వినకుండా నేనొకదాన్ని కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పొద్దు వాలినాక తల్లి వచ్చి పాలు ఇచ్చి పోతుందట. తెచ్చిన చోటనే వదిలి రమ్మని అమ్మ వెనక్కి పంపింది. తండ్రి ఎక్కడ ఉంటాడో నేను ఎప్పుడూ చూడలేదు.

జుట్టుపిట్ట పిల్లలకు ఏమీ ఉండదు. బొచ్చు లేదు, చూపు లేదు, నోరు మాత్రం ఉంటుంది. మట్టిగడ్డ నీడలో గడ్డితో చిన్న గిన్నెంత గూడు. తల్లి ఒక్కతే అయితే అవి బతకవు. తండ్రి కూడా పురుగులు తెచ్చి పెడతాడు. ఒకరు పోతే ఒకరు వస్తారు. పగలంతా అదే పని.

ఈ రెండింట్లో ఏది మేలు అని నేను అడగడం లేదు. పాఠం కోసం రాశాను. కానీ మలెనాడు ఎంత దూరమో రాయండి.

పుల్లటి చింతకాయలు తిని తిని పళ్లు పులిసిపోయాయి.

మీ
రామలక్ష్మి


చింతామణి
24-2-1959

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

నీ పిల్లల సంగతి మేష్ట్రు తరగతిలో అందరికీ చదివి వినిపించారు. కొంగులో తెచ్చిన చెవులపిల్లిని మాత్రం కొట్టేశారు, పాఠంలో సొంత సంగతులు ఉండకూడదట.

మలెనాడు దూరమే. ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. అయినా నీ కోసం నేను నిశ్చయం చేసుకున్నాను. మే నెలలో నేను ముందు పోతాను. వానలు తగ్గాక నిన్ను తీసుకుపోతాను. రెండు గదుల ఇల్లు. దీపావళికి నువ్వు అడిగింది నేను మరిచిపోలేదు. అక్కడ నీకు వేరే పొయ్యి ఉంటుంది, నీ ఇష్టం వచ్చినట్టు ఉండవచ్చు, ఎవరూ ఒట్లు వేయించరు.

ఈ పై మాటలు అమ్మ ముందర చదవవద్దు.

చింతకాయలు ఎక్కువ తింటే దగ్గు వస్తుంది. నేల మీద పిట్ట గూడు పెట్టే నెల ఏదో రాయి. అది ఒక్కటే మిగిలింది.

ఆశీస్సులతో,
మునికృష్ణప్ప


పాతపాళ్య
3-3-1959

మా వారికి మొక్కి రాసుకునేది.

'చదవవద్దు' అని మీరు రాసింది కింద. చదవకూడనిది పైన. నేను పైనుంచి కిందికి చదువుతాను. నాలుగో తరగతిలో అట్లే నేర్పారు.

అత్తమ్మ చేటలో రాగులు చెరుగుతూ వింటున్నది. వేరే పొయ్యి అన్న చోట చేట ఆగింది. నేను కింది వాక్యం కూడా చదివేశాను, ఆపడం తెలియక. అత్తమ్మ లేచి పోయి నేను కడగవలసిన గిన్నెలు కూడా తనే కడిగింది. సాయంత్రం మామయ్యతో, "నా కోడలు నోట్లో నాలిక లేని పిల్ల అనుకుంటిని. దీపావళికే పొయ్యి వేరు చేసేసినాదంట. నాకు తెలీకపాయె" అంది. మామయ్య, "ఏందీ? యాడ పొయ్యి?" అని నాలుగు సార్లు అడిగితే నాలుగు సార్లూ చెప్పింది.

దీపావళికి నేను అడిగింది వేరే పొయ్యి కాదు. ఇంకో పొయ్యి. ఒకే పొయ్యి మీద పిండివంటలు, వంట రెండూ అయ్యేసరికి పొగకు అత్తమ్మ కళ్లు నీళ్లు కారుతున్నాయి, పెరట్లో ఇంకో పొయ్యి వేయించండి అని అడిగాను. ఈ సంగతి అత్తమ్మకు చెబితే, "ఇప్పుడు అట్లనే చెప్తావులే" అంటుంది. అయినా బిందె మాత్రం నన్ను ఎత్తనివ్వడం లేదు. కోపంగానే వచ్చి లాక్కుంటుంది.

నాకేమీ తోచడం లేదు. మీకు అర్థమైంది అన్నది ఈ వేరే పొయ్యి అని ఇప్పుడు తెలిసింది. ఒట్టు నేను దాటలేను.

మీరు అడిగిన పాఠం ఇది. జుట్టుపిట్ట ఎండలు ముదరక ముందే గూడు పెడుతుంది. ఈ సంవత్సరం మన చేలో ఉన్న మీ నెలగుబ్బికి నెల తప్పింది. దీపావళి తరువాతి నుంచి. ఈ ఒక్క వాక్యం నిదానంగా, రెండు సార్లు చదవండి. అర్జీ ఇచ్చే ముందర చదవండి.

మీ
రామలక్ష్మి


చింతామణి
9-3-1959

సౌభాగ్యవతి రామలక్ష్మికి,

అమ్మకు కోపం వచ్చినందుకు బాధగా ఉంది. నీ మీద నాకు కోపం లేదు. ఇంకో పొయ్యి, వేరే పొయ్యి, ఏదైనా మలెనాడులో తీరిపోతుంది.

నువ్వు చెప్పినట్టే ఆ వాక్యం రెండు సార్లు చదివాను. అందులో పెద్ద తప్పు ఉంది. 'నెల తప్పింది' కాదు, 'నేల తప్పింది'. దీర్ఘం మరిచావు. నెలగుబ్బి అని రాసి రాసి కన్నడం మాటే తెలుగులో పెట్టేశావు. ఇది మన సరిహద్దు వాళ్లందరికీ ఉన్న జబ్బు. ఎర్ర సిరాతో దిద్ది పాఠంలో ఇట్లా రాసుకున్నాను: "దీపావళి తరువాత దుక్కి దున్నడం వల్ల నెలగుబ్బి తన నేలను కోల్పోయి గూడు పెట్టలేకపోయింది."

నీ ఉత్తరం కూడా మేష్ట్రుకు చూపించాను. ఆయనది శ్రీనివాసపురం, తెలుగు వచ్చు. నేను దిద్దిన చోటు చూసి చాలాసేపు నవ్వారు. "ఈ గుబ్బి ఎవురిదప్పా?" అన్నారు. మా చేలోది అన్నాను. ఇంకా నవ్వారు. "ఊరికి ఎప్పుడు పోతావు?" అన్నారు. పరీక్ష అయ్యాక అన్నాను. "అర్జీ ఇచ్చినావా?" అంటే పద్నాలుగున ఇస్తానన్నాను. తల కొట్టుకుని వెళ్లిపోయారు. ఆయన ఎందుకు అట్లా చేశారో నాకు తెలియలేదు. దీర్ఘం ఒకటి పోతే అంత నవ్వాలా?

ఆశీస్సులతో,
మునికృష్ణప్ప


పాతపాళ్య
12-3-1959

మా వారికి.

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పోస్టులో వేస్తే పద్నాలుగుకు అందదు. చింతామణి సంతకు చింతపండు తోలుకుపోతున్న వెంకటేశప్ప గారి చేతికి ఇస్తున్నాను. కవరు మీద పేరు రాయలేను, రాయించడానికి వెంకటరామప్ప గారు లేరు. 'నెలగుబ్బి పాఠం రాసిన వారికి' అని రాశాను. కనుక్కుంటారు.

మీరు దిద్దిన అక్షరాన్ని మళ్లీ దిద్దండి. అక్కడ దీర్ఘం లేదు. నెలగుబ్బిలో నెల కన్నడం. నెల తప్పిందిలో నెల తెలుగు. గుబ్బిని నేను.

ఇప్పటికి నాలుగు నెలలు.

పోయిన సంవత్సరం కార్డు మీద ఇదే మాట రాస్తే వెంకటరామప్ప గారు అరుగు మీద చదివారు, ఊరంతా విన్నది, మీరు తరగతి వదిలి పరుగెత్తి వచ్చారు, మీరు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగలలేదు. మీ చదువులో ఆ సంవత్సరం కూడా పోయింది. అందుకే ఐదో నెల నిండేదాకా కడుపు అన్న మాట కాగితం మీద పెట్టవద్దని అత్తమ్మ ఒట్టు వేయించింది. ఇప్పుడు అది కూడా రాసేశాను. దీపానికి నేను జవాబు చెప్పుకుంటాను.

పోయిన ఉత్తరంలో 'నెల' అని రాసి, అత్తమ్మకు చదివేటప్పుడు 'నేల' అని సాగదీసి చదివాను. రాసింది ఒకటి, చదివింది ఒకటి చేయడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కిపోయాయి. ఈ ఉత్తరం అసలు చదివే వినిపించలేదు.

మలెనాడు వద్దు. తండ్రి కనపడని జాతి నాకు వద్దు.

రామలక్ష్మి


చింతామణి
14-3-1959

రామలక్ష్మీ,

అర్జీ చేత్తో పట్టుకుని ఆఫీసు ముందర వరసలో నిలబడి ఉన్నాను. వెంకటేశప్ప మామ చింతపండు వాసనతో వచ్చి, "నెలగుబ్బి పాఠం ఎవురిదప్పా ఈడ?" అని కేక పెట్టాడు. వరసంతా నవ్వింది. నీ కవరు అక్కడే చించి చదివాను. ముందున్నవాడు పోయాడు, వెనకున్నవాడు నన్ను దాటుకుని పోయాడు. నేను కదల్లేదు. నువ్వు రాసిన చెవులపిల్లి మాదిరి.

గుమాస్తా పిలిచి, "ఏమప్పా, మలెనాడా?" అన్నాడు. కాదు, నెల అన్నాను. ఏ నెల అన్నాడు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆలస్యమైనా సరే, బాగేపల్లి తాలూకాలో ఏదో ఒక బడి ఇస్తారని మేష్ట్రు అంటున్నారు. పరీక్ష వదిలిపెట్టి రాను. పోయినసారి మాదిరి పరుగెత్తను. పరీక్ష అయిన మరుసటి రోజు వస్తాను.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. బిందె, నూర్పిళ్లు, చింతకాయలు. ఇన్ని చెప్పావు. నేను అచ్చుతప్పులు చూస్తూ కూర్చున్నాను. పాఠంలో నా వాక్యం కొట్టేసి నీది పెట్టాను. అట్లనే ఉంటుంది, దీర్ఘం లేకుండా.

అమ్మా, నా వల్లే తప్పు జరిగింది. రామలక్ష్మి పొయ్యి వేరు చేయమని ఏనాడూ అడగలేదు. ఈ మాట రెండు సార్లు చదువు, రామలక్ష్మీ. మిగతాది నీ ఇష్టం.

మునికృష్ణప్ప


పాతపాళ్య
20-3-1959

మా వారికి మొక్కి రాసుకునేది.

మిగతాది నా ఇష్టం అన్నారు గానీ ఏది చదవాలో, ఏది వదలాలో నాకు తెలియలేదు. పొయ్యి మాట రెండు సార్లు చదివాను. ఆ తరువాత ఆగిపోయాను.

అత్తమ్మ, "అంతేనా? అంత కాగితానికి ఇంతేనా రాసినాడు?" అంది.

నేను కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. ఒట్టు దాటాను అని చెప్పేశాను. ఇంకొకటి కూడా, ఆ రోజు పిట్టకు నేల తప్పింది అని చదివినప్పుడు... అని మొదలుపెట్టాను. అత్తమ్మ ముగించనివ్వలేదు.

"తెలుసులే. రెక్కలున్న పిట్టకు నేల తప్పితే దానికేమే నష్టం? నువ్వు సాగదీసినప్పుడే అనుకుంటిని. నాకు అచ్చరాలు రావు గానీ చెవులుండాయి."

"మరి అప్పుడే ఎందుకు అనలేదత్తమ్మా?"

"నేను ఆ మాట అంటే నువ్వు కాగితం మీద కొట్టేస్తావు గదా. కొట్టేస్తే వాడు మలెనాడు పోతాడు" అని చెప్పి, దీపంలో నూనె పోసి వచ్చి, నేను ఎత్తబోయిన బిందె లాక్కుంది.

పెరట్లో ఇంకో పొయ్యికి మామయ్య మట్టి తొక్కుతున్నారు. ఇది ఎవరి పొయ్యి అని దారిన పోయేవాళ్లు అడిగితే, ఆయనకు సరిగా వినపడక, ఏ నెల అన్నారనుకుని, "శ్రావణమో, భాద్రపదమో, ఇంకా తెలీదప్పా" అంటున్నారు.

ఈ ఉత్తరం మొత్తం, రాసింది రాసినట్టు, అత్తమ్మకు చదివి వినిపించాను. తప్పులు ఉంటే దిద్దవద్దు.

మీ
రామలక్ష్మి